ఎదురు హాస్టల్ మేడమ్

(హాస్టల్ యజమానుల సదస్సు. హాలు నిండా బల్లలు, ఒక్కో బల్లకి ఎదురెదురుగా రెండు కుర్చీలు. గంట కొట్టేదాకా ఎదుటి మనిషితో మాట్లాడాలి. కొట్టగానే లేచి ఇంకో కుర్చీకి మారాలి. కిటికీ పక్కన బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు.)

“అయితే మీ హాస్టల్ ఎక్కడన్నారూ?”

“మీ హాస్టల్‌కి ఎదురుగానేనండీ.”

“అలాగా! ఎప్పుడూ గమనించనే లేదు.”

“ఎలా గమనిస్తారు? తొమ్మిదేళ్లే కదా అయింది.”

“మధ్యలో రోడ్డొకటి ఉంది మరి.”

“అవునవును, మహా పెద్ద రోడ్డు. రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాలి.”

“బోర్డు గట్రా పెట్టించుకున్నారా?”

“పెట్టించానండీ. దాని వెలుతురు మీ పడగ్గదిలో పడుతోందని మీరే కదా మునిసిపాలిటీకి కంప్లెయింట్ ఇచ్చారు.”

“ఓహో, ఆ బోర్డు మీదేనా! ఇంకా ఏ సినిమా హాలో వచ్చిందనుకున్నాను.”

“మిత్రులారా, మిత్రులారా! మైకులో నా గొంతు అందరికీ వినపడుతోందా? ముఖాల మీద చిరునవ్వు కనపడాలి! ముందు పరిచయం, తర్వాతే వ్యాపారం! ఈ కార్యక్రమం సమర్పిస్తున్న మా కంపెనీ తరఫున ఇదొక్కటే నా మనవి!”

“నవ్వమంటున్నాడండీ.”

“నవ్వుతూనే ఉన్నానండీ. కనపడట్లేదా?”

“కనపడుతోంది. పంటి నొప్పేమో అనుకున్నాను.”

“ఇంత హాల్లో, ఇంతమందిలో, మనిద్దర్నీ ఏరి ఇక్కడ పడేసిన మహానుభావుడు ఎవరో!”

“ఎవరైతేనేం. ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోండి.”

“నేనెందుకు వెళ్లాలి? మీరే వెళ్లొచ్చుగా.”

“వెళ్లిపోయే అలవాటు మీది కదా అని.”

“వదినా!”

“ఎవరండీ వదిన? ఇప్పుడే కదా పరిచయమయ్యాం.”

“సరే, అలాగే కానివ్వండి. నేను మీ ఆయన చెల్లెల్ని.”

“సంతోషం. నేను మీ అన్నయ్య భార్యని.”

“మా అన్నయ్య కులాసాయేనా? రెండు రోజులుగా మా వైపు తొంగి చూడట్లేదు.”

“కులాసాగానే ఉన్నాడు. పేపరు చదివే నెపంతో మీ ఇంట్లో రెండో కాఫీ తాగితే తప్ప ఆయనకి తెల్లారదన్న సంగతి నాకు తెలియదనుకోకండి.”

“తెలిసీ ఊరుకున్నారంటే మీ మనసు పెద్దది.”

“మనసూ లేదు, మట్టీ లేదు. ఇంట్లో ఒక కాఫీ మిగిలింది.”

“పాపం, నోరు మాత్రం విప్పడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరిస్తే రెండిళ్లలోనూ భోజనం ఉండదని రూలు పెట్టారట కదా మీరు?”

“పెట్టాను. లేకపోతే మనిషి కాస్తా రేడియో అయ్యేవాడు.”

“మరి ఈ రెండు రోజులుగా ఏమొచ్చింది ఆయనకి?”

“ఏమో. నాతోనూ మాట్లాడటం లేదు.”

“అమ్మయ్య. నేనే ఏదో అన్నానేమోనని బెంగపెట్టుకున్నాను.”

“మీరు అనే మనిషి కాదులెండి. చేసే మనిషి.”

“మొదలుపెట్టారా?”

“లేదు లేదు. నవ్వుతున్నాను. అదిగో, ఆ మైకు మనిషి ఇటే చూస్తున్నాడు, మీరూ నవ్వండి. పొద్దుటి ఉపన్యాసం విన్నారా?”

“వినకుండా ఉంటానా? ‘హాస్టల్’ అన్న మాటే వాడకూడదట ఇక. ‘సహజీవన వేదిక’ అనాలట.”

“ఆడపిల్లల హాస్టల్ గేటు మీద సహజీవనం అని రాసి చూడమనండి. తండ్రులు పెట్టెలు పట్టుకుని కాదు, కర్రలు పట్టుకుని వస్తారు.”

“వార్డెన్‌ని కూడా వార్డెన్ అనొద్దట. ‘సంతోషాల మేనేజర్’ అట.”

“మీ వార్డెన్‌కి చెప్పకండి, భయపడిపోతుంది. తొమ్మిదేళ్లలో ఆవిడ నవ్వగా నేను చూడలేదు.”

“గమనించలేదన్నారు కదా మా హాస్టల్‌ని?”

“…ఆ ఉపన్యాసం చెప్పినాయన ఎప్పుడైనా హాస్టల్ నడిపాడా అసలు?”

“నడపలేదట. చదువుకునేటప్పుడు హాస్టల్లో ఉన్నాడట.”

“అయితే మన మీద పగ తీర్చుకున్నట్టే. ఇక్కడ బాత్‌రూమ్‌లో నీళ్లు రావట్లేదు, చూశారా?”

“చూశాను. ఓనర్లు అయిదారుగురు లోపలే ఉన్నారు. ఏ వాల్వు కట్టేశారో వెతుకుతున్నారు తప్ప ఒక్కరూ కంప్లెయింట్ చేయరే!”

“ఎలా చేస్తారు? కంప్లెయింట్ చేసేవాళ్లంటే మనకి గిట్టదుగా.”

“ఇంకో వింత. ఆ నల్లుల మందు స్టాల్ దగ్గర పొద్దుటి నుంచీ పురుగు లేదు. అందరూ ముఖం తిప్పుకుని పోయేవాళ్లే. మా హాస్టల్లో ఆ మాటే తెలియదండీ అనేవాళ్లే.”

“ఆఁ, మరి?”

“ఇందాక వెళితే సరుకంతా అయిపోయిందన్నాడు.”

“మీరెందుకు వెళ్లారు?”

“మీరెందుకు వెళ్లారో అందుకే. చేతిసంచిలోంచి సీసా మూత కనపడుతోంది, లోపలికి తోసుకోండి.”

“మిత్రులారా! ఇప్పుడు అసలైన ప్రశ్న! మీరు ఈ రంగంలోకి ఎలా వచ్చారు? మీ ప్రయాణం ఎక్కడ మొదలైంది? గుండె తలుపులు తెరిచి ఎదుటివారితో పంచుకోండి!”

“తెరవండి మరి.”

“ముందు మీరు. పెద్దవారు.”

“నాదేముంది. మా నాన్న నా పేరు మీద ఇల్లు రాసిచ్చారు. గదులెక్కువ, మనుషులు తక్కువ. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకి అద్దెకిద్దాం అన్నాను. మా ఆడపడుచు అప్పట్లో మంచిదే, తనూ చేయి వేసింది. ఇద్దరం కలిసి నడిపాం. తర్వాత తనకి కళ్లు నెత్తికెక్కాయి. అంతే నా ప్రయాణం.”

“నాది ఇంకా చిన్నదండీ. మా వదిన హాస్టల్లో ఒక పిల్లకి చికెన్‌పాక్స్ వచ్చింది. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపొమ్మంది మా వదిన. ఆ పిల్లకి వెళ్లడానికి ఇల్లంటూ లేదు. ఎదురింటి ముందు గది ఖాళీగా ఉంటే నేను అద్దెకి తీసుకుని అందులో పడుకోబెట్టాను. ఒక మంచం, ఒక పిల్ల. అదే నా హాస్టల్.”

“మిగతా పిల్లలకి అంటుకుంటే ఎవరు జవాబు చెప్పాలి? ఇరవైమంది ఉన్నారు ఇంట్లో.”

“నేను మీ గురించి చెప్పలేదండీ. మా వదిన గురించి చెప్పాను.”

“మీ వదిన చేసింది తప్పని నేననను. ఇప్పటికీ అనను.”

“అనకండి. ఎవరనమన్నారు?”

“ఆ పిల్ల… ఎక్కడుందో ఏమో ఇప్పుడు.”

“నర్సు అయింది. పెళ్లయింది. ఒక పాప. నెలకోసారి ఫోన్ చేస్తుంది. ఫోన్ చేసినప్పుడల్లా ‘పెద్ద మేడమ్ బాగున్నారా’ అని అడుగుతుంది.”

“నన్నా?”

“నిన్నే. తిట్టుకోకుండా అడుగుతుంది. నాకే ఒళ్లు మండుతుంది.”

“…మచ్చలు పోయాయా మొహం మీద?”

“పోయాయి వదినా.”

“మంచిది.”

“గంట! గంట కొట్టాం మిత్రులారా! కుర్చీలు మారండి! కొత్త ముఖం, కొత్త స్నేహం!”

“మేడమ్, ఎక్స్‌క్యూజ్ మీ. గంట కొట్టారండి. ఈ కుర్చీ ఇప్పుడు నాది.”

“మీరెవరండీ?”

“నాది బాయ్స్ హాస్టల్ అండి, బస్టాండు వెనకాల. మీరు లేస్తే నేను ఈ మేడమ్‌తో…”

“మీ హాస్టల్లో కుర్చీలుంటాయా?”

“ఉండేవండి. పిల్లలు విరగ్గొట్టేశారు.”

“అయితే నిలబడటం అలవాటే మీకు. అటు పక్కకి నిలబడండి, నాయనా. మా పరిచయం ఇంకా అవ్వలేదు.”

“ఎంతసేపు పడుతుందండి?”

“తొమ్మిదేళ్లుగా అవుతోంది.”

“అయ్య బాబోయ్. నేను టీ తాగొస్తానండి.”

“వెళ్లిపోయాడు పాపం. ఎందుకు వదినా అతన్ని తరిమేశావు? హాయిగా లేచి వెళ్లిపోయే దారి దొరికింది కదా ఇద్దరికీ.”

“నీకు అంత తొందరగా ఉంటే వెళ్లు.”

“నాకేం తొందర లేదు.”

“లేకపోతే కూర్చో.”

“కూర్చునే ఉన్నాగా.”

“మిత్రులారా, రెండో అంకం! ఎదుటివారి హాస్టల్లో మీకు నచ్చిన ఒక్క మంచి విషయం చెప్పండి! మెచ్చుకోలు ఖర్చు లేని పెట్టుబడి!”

“చెప్పు వదినా. వింటున్నా.”

“నీ గేటు నాకు చాలా నచ్చింది.”

“నా గేటా?”

“ఎంత బాగా నూనె పెడతావో! పిల్లలు ఏ వేళప్పుడు వచ్చినా కిర్రుమనదు.”

“నర్సింగ్ పిల్లలు వదినా, డ్యూటీలు దిగి వస్తారు. నీ గేటులాగా తొమ్మిదికల్లా కోట తలుపులు మూసేస్తే వాళ్లు రోడ్డు మీద పడుకోవాలి.”

“నేను తిట్టలేదే. మెచ్చుకున్నాను. ఇప్పుడు నీ వంతు.”

“నీ హాస్టల్లో నచ్చింది… ఆఁ, మీ వంట.”

“మా వంటా?”

“అది తిన్న పిల్లలే కదా మా దగ్గరికి వచ్చేది. ప్రచారం ఖర్చు మిగిల్చావు నాకు.”

“వంటావిడని ఎత్తుకుపోయింది ఎవరు?”

“ఎత్తుకుపోడానికి ఆవిడేం బిందె కాదు. తనే నడిచి వచ్చింది.”

“రోడ్డు దాటించింది నువ్వు. జీతం ఎక్కువిస్తానని చెవిలో ఊదింది నువ్వు.”

“ఆ వంటావిడ సంగతి వదిలేయ్. ఆ పొడుగు పిల్ల గుర్తుందా నీకు? కళ్లజోడు పెట్టుకునేది.”

“ఎందుకు గుర్తుండదు? మీ దగ్గర ఊపిరాడట్లేదని ఏడుస్తూ వస్తే కిటికీ పక్క మంచం ఇచ్చాను.”

“మీ దగ్గర ఊపిరాడట్లేదని ఏడుస్తూ వస్తే నేనూ కిటికీ పక్క మంచమే ఇచ్చాను.”

“మళ్లీ నా దగ్గరికి వచ్చింది.”

“మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఎండాకాలం నీ దగ్గర, వానాకాలం నా దగ్గర. ఎప్పుడొచ్చినా కొత్త బక్కెట్టు, కొత్త పరుపు, కిటికీ పక్క మంచం. ఎదురావిడ దగ్గర బాధపడి వచ్చిందని మనిద్దరం పోటీలు పడి ముద్దు చేశాం.”

“హాస్టల్ నడిపేవాళ్లందరికీ ఒక పద్ధతుంది. పక్క హాస్టల్ నుంచి పిల్ల వస్తే, ముందు అక్కడికి ఫోన్ చేసి సంగతేంటని కనుక్కుంటారు. ఎంత పడకపోయినా కనుక్కుంటారు.”

“మరి నువ్వు చేయలేదేం?”

“నువ్వు చేశావా?”

“నేనెందుకు చేస్తాను? చేస్తే నువ్వు ఎత్తుతావా?”

“ఎత్తేదాన్నేమో. ఎప్పుడైనా మోగితే కదా తెలిసేది.”

“ఎత్తేదానివా వదినా?”

“ఏంటలా చూస్తావు? మాటవరసకి అన్నాను.”

“సరేలే. ఇంతకీ అభినందనలు చెప్పడం మర్చిపోయాను. నీ హాస్టల్ ఈ కంపెనీవాళ్ల చేతిలో పెట్టి వాళ్లతో కలిసిపోయావట కదా. పెద్దదానివైపోయావు వదినా.”

“నీకూ అభినందనలు. ముందు కలిసింది నువ్వే అన్నారు.”

“చాల్లే వెటకారం.”

“వెటకారం కాదు.”

“నీ నోట్లోంచి వచ్చాక ఏది వెటకారమో ఏది కాదో ఎలా తెలుస్తుంది? నా పరిస్థితి తెలిసే కదా అంటున్నావు. వదినా, నీ ఇల్లు వాళ్ల చేతికి పోయాక నేను ఎదురుగా ఎన్నాళ్లు నిలబడగలను? ఏసీలంటారు, లిఫ్టంటారు, అద్దాల గోడలంటారు. నా పాతకాలపు మేడ, ఆ పాత మోటారు, ఎవరొస్తారు నా దగ్గరికి? అందుకే ఇవాళ నేనూ…”

“నువ్వూ?”

“ఆ స్టేజి మీద పెడతాను సంతకం. నవ్వు, ఇంకా గట్టిగా నవ్వు. నీకు కావలసింది అదే కదా.”

“అంటే ఇంకా పెట్టలేదా?”

“ఇవాళ అని చెప్పానుగా.”

“తిన్నగా చెప్పవే. నెల కిందట, రెండు నెలల కిందట, ఎప్పుడైనా, ఏ కాగితం మీదైనా పెట్టావా?”

“లేదు. ఎందుకలా గసపెడుతున్నావు?”

“ఒట్టు?”

“ఒట్టు. ఏమైంది వదినా నీకు? నీళ్లు తాగు.”

“నీళ్లొద్దు. మెల్లగా మాట్లాడు. అటు చూడకు. ఆ మైకు పట్టుకున్న మనిషి, నీలం కోటు, వాడేనా నీ దగ్గరికి వచ్చింది?”

“వాడే. కంపెనీవాడు. ఏం?”

“వచ్చి ఏమన్నాడు? వాడన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పు.”

“సోఫాలో కూర్చున్నాడు. బిస్కెట్లు తిన్నాడు. ‘మీ ఎదురు హాస్టల్ మేడమ్ చాలా తెలివైనవారండీ, ముందే సంతకం పెట్టేశారు’ అన్నాడు.”

“ఎప్పుడు?”

“నెల కిందట.”

“నెల కిందట అన్నాడా, నేను పెట్టేశానని?”

“నెల కిందటే. ఎందుకు?”

“అప్పుడు అది పచ్చి అబద్ధం.”

“అబద్ధమా?”

“నా దగ్గరా సోఫాలోనే కూర్చున్నాడు. బిస్కెట్లు తిన్నాడు. ‘మీ ఎదురు హాస్టల్ మేడమ్ చాలా తెలివైనవారండీ, ముందే సంతకం పెట్టేశారు’ అన్నాడు.”

“నా గురించా?”

“నీ గురించే.”

“అదే మాటా?”

“అక్షరం పొల్లుపోలేదు.”

“ఓరి దొంగ వెధవా! ఆ పొడుగు పిల్ల చేసినట్టే చేశాడు కదా వదినా! నీ దగ్గర నా పేరు, నా దగ్గర నీ పేరు!”

“మెల్లగా.”

“నిన్ను తెలివైనదన్నాడు. అక్కడే నాకు అనుమానం రావలసింది!”

“నాకూ అక్కడే రావలసింది.”

“మనం ఒకరికొకరు ఫోన్ చేసుకోమని వాడికెలా తెలుసు?”

“వీధిలో కుక్కకి కూడా తెలుసు.”

“ఒక్క ఫోను వదినా! ఒక్క ఫోన్ చేసుంటే అయిపోయేది. మరి నీకెప్పుడు తెలిసింది?”

“ఇవాళ పొద్దున. టీ దగ్గర వాడే నోరు జారాడు. ‘ఎదురు హాస్టల్ మేడమ్ కూడా ఇవాళ స్టేజి మీద పెడతారండీ’ అన్నాడు. ఎప్పుడో పెట్టేసిందన్న మనిషి ఇవాళ పెట్టడమేంటి? నా చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది.”

“అడగలేదా వాణ్ని?”

“వాణ్ని అడిగేదేముంది? నిన్నే అడగాలి. ఆ బ్యాడ్జీలు పంచుతున్న అమ్మాయిని బతిమాలి, ఈ బల్ల దగ్గర నీ ఎదురు కుర్చీ నేనే వేయించుకున్నాను.”

“నువ్వా! నువ్వు బతిమాలావా?”

“బతిమాలాను. నవ్వకు.”

“మరి వచ్చిన దగ్గర్నుంచీ మీ హాస్టల్ ఎక్కడండీ, బోర్డు పెట్టారా అండీ, ఈ వేషమంతా ఎందుకు? కూర్చోగానే అడగొచ్చుగా!”

“ఏమని అడగను? నీతో తిన్నగా మాట్లాడి ఎన్నేళ్లయింది! నోరు తెరిస్తే అదే వస్తోంది. లోపలేమో భయం, గంట కొట్టేస్తారేమో, నువ్వు లేచిపోతావేమోనని.”

“ఆ బాయ్స్ హాస్టల్ ఆయన్ని అందుకేనా తరిమావు?”

“అందుకే.”

“వదినా, నిన్ను చూస్తే ఏడుపొస్తోంది నాకు.”

“ఇక్కడొద్దు. వాడు చూస్తున్నాడు. నవ్వు.”

“నవ్వుతున్నా. ఈసారి నిజంగానే నవ్వుతున్నా. అబ్బ, గుండె మీంచి బండ దిగినట్టుంది. ఇవాళ పొద్దున ముస్తాబై వస్తూ పిల్లలందరి మంచాలూ ఒకసారి చూసుకుని వచ్చాను తెలుసా? ఇంకో నెలకి ఎవరెక్కడుంటారో అని. ఒక్కళ్లకీ చెప్పలేదు. ముఖం చెల్లలేదు.”

“చెప్పకపోవడమే మంచిదైంది. ఇక చెప్పనక్కర్లేదు.”

“నీ పిల్లలకి చెప్పావా నువ్వు?”

“వాళ్ల సంగతి తర్వాత. నీ మేడ మీద ముందు గదులు ఖాళీగానే ఉన్నాయా?”

“ఉన్నాయి. సామాన్లు పడేశాను.”

“సర్దితే ఎన్ని మంచాలు పడతాయి?”

“ఎందుకు వదినా? మళ్లీ నా పిల్లల్ని లెక్కపెట్టుకోడానికా?”

“ఊరికే. గాలి వస్తుందా అక్కడ?”

“బాగా వస్తుంది. నీ వరండా వైపే కదా కిటికీ. చెబుతా విను, రేపు పొద్దున్నే నేను మీ ఇంటికి వస్తాను. గేటు దగ్గర్నుంచి కేకేసి మరీ వస్తాను. అన్నయ్య కాఫీ అక్కడే తాగుతాడు, నేనూ అక్కడే తాగుతాను. వంటావిడని అడుగుదాం, ఒకే పొయ్యి మీద రెండు హాస్టళ్లకీ వండుతుందేమో. నీ మోటారు పాడైతే నా నీళ్లు, నా మోటారు పాడైతే నీ నీళ్లు. పిల్ల మారితే ఫోను. ఆ కళ్లజోడు పిల్ల ఈసారి ఏడుస్తూ రానీ, ఇద్దరం కలిసి కిటికీ లేని మంచం ఇద్దాం!”

“ఇద్దాం.”

“ఏంటి, ముక్తసరిగా ‘ఇద్దాం’? నీకు ఇష్టం లేదా?”

“లేకేం.”

“మరి మొహం అలా పెట్టావేం?”

“ఇలాగే ఉంటుంది నా మొహం. గమనించలేదా తొమ్మిదేళ్లుగా?”

“అదిగో, మళ్లీ వెటకారం. ఇప్పుడు నమ్మకం కుదిరింది, మా వదినే.”

“మిత్రులారా, మిత్రులారా! అందరూ ఎక్కడివారక్కడ ఆగండి! మన సదస్సులో అతి ముఖ్యమైన ఘట్టం వచ్చేసింది! ఒకే వీధిలో, ఎదురెదురుగా ఉన్న రెండు హాస్టళ్లు ఇవాళ మా కంపెనీ కుటుంబంలో అడుగుపెడుతున్నాయి! పోటీ నుంచి ప్రేమ వైపు! ఆ ఇద్దరు మేడమ్‌లనీ చప్పట్లతో వేదిక మీదకి ఆహ్వానిద్దాం!”

“పోటీ నుంచి ప్రేమ వైపు అట, వీడి మొహం! పద వదినా, లే.”

“నువ్వు పద.”

“ఇద్దరం కలిసే వెళ్దాం. వాడు పెన్ను ఇస్తాడు చూడు, అది తీసుకుని, మూత పెట్టి, వాడి కోటు జేబులోనే గుచ్చి వచ్చేద్దాం. హాల్లో అందరి ముందూ.”

“గుచ్చి రా. మైకు కూడా లాక్కో. సోఫా, బిస్కెట్లు, అన్నీ చెప్పు. ఇక్కడ ఇంకా ఎంతమందికి ఇదే మాట చెప్పాడో, విననీ అందరూ.”

“నువ్వు చెప్పు. నీకు నోరెక్కువ.”

“నేను చెప్పకూడదు. నువ్వే చెప్పాలి.”

“ఇదేం బిడియం వదినా, ఈ వయసులో? చేయి ఇలా ఇవ్వు. నువ్వు ఊరికే నా పక్కన నిలబడు చాలు.”

“నిలబడతాను. నన్ను పిలిచింది అందుకే. ఫోటోకి.”

“ఫోటో ఏంటి? సంతకం పెడితే కదా ఫోటో.”

“నువ్వు మాత్రం పెట్టకు. వాడేం చెప్పినా పెట్టకు. నేను పక్కనే ఉండి బతిమాలినట్టు కనపడినా పెట్టకు.”

“పెట్టనని చెప్పాను కదా. అదేం మాట, నువ్వెందుకు బతిమాలతావు? ఆగు. వదినా, నా వైపు చూడు. ఇవాళ స్టేజి మీద పెట్టాల్సింది ఇద్దరమూ కాదా?”

“నాది రెండు రోజుల కిందటే అయిపోయిందే. ఎదురింట్లో ఇక నువ్వు ఉండవన్నాడు, అయితే నేనొక్కదాన్నీ ఎవరి కోసం నడపాలి అనిపించి పెట్టేశాను.”